మేం నిజంగా అనడం లేదు: అనాన్సె అనే సాలీడు కథ

గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సాయంత్రం ఇచ్చిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.

పెద్దలకు నమస్కారం. ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకు కూడా నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ చోటుంది. రండమ్మా, రండి.

మనకు సాలీడు అనగానే ఏం గుర్తొస్తుంది? ఎవరో శ్రీకాళహస్తి అన్నారు. అవును. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. ఆ సాలీడు తన దారంతో శివుడికి గుడి కట్టింది. దీపం మంట తగిలి గూడు కాలిపోతే ఆ దీపాన్నే మింగబోయింది. శివుడు మెచ్చి మోక్షం ఇచ్చాడు. మన సాలీడు భక్తుడు. ఇవాళ నేను చెప్పబోయే సాలీడు కూడా దేవుడి దగ్గరికి వెళ్తాడు. వెళ్లి ఏమంటాడో తెలుసా? "నీ దగ్గరున్న సరుకు కొనుక్కుందామని వచ్చాను, ఎంతకిస్తావు?" అంటాడు.

ఆ సాలీడు పేరు అనాన్సె. పశ్చిమ ఆఫ్రికాలో ఘనా అనే దేశం ఉంది కదా, అక్కడి అకాన్ జనం భాషలో అనాన్సె అంటే సాలీడనే అర్థం. పూర్తి పేరు క్వాకు అనాన్సె. క్వాకు అంటే బుధవారం పుట్టిన మగపిల్లాడు. అక్కడ ఏ వారం పుడితే ఆ వారం పేరు పెడతారు. సోమవారం పుడితే కోజో, శనివారం పుడితే క్వామె. మన ఏజెన్సీ ఊళ్లలో సోమ్రా, బుద్రా, సుక్రా అని పిలుచుకోరూ, అలాగన్నమాట. ఈ వారం పేర్లు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వాటి దగ్గరికి వస్తాను.

నాకు ఈ అనాన్సె ఎలా తెలుసు? 1986లో లెక్కల మాస్టారుగా ఘనా వెళ్లాను. కేప్ కోస్ట్ అని సముద్రం ఒడ్డున ఊరు. అక్కడ 3 ఏళ్లు చెప్పాను. అది ఫాంటీ వాళ్ల ప్రాంతం. ఫాంటీలు కూడా అకాన్ జనమే. మా బడి హాస్టల్లో వంట చేసే ఒకావిడ ఉండేది. ఒక శనివారం నన్ను వాళ్ల పల్లెకు తీసుకెళ్లింది. రాత్రి భోజనాలయ్యాక ఇంటి వాకిట్లో జనం చేరారు. కరెంటు లేదు, ఒక లాంతరు ఉంది. ఒక ముసలావిడ చిన్న పీట మీద కూర్చుంది. ఆవిడను అందరూ నానా అంటున్నారు. వాళ్ల భాషలో తాతనైనా, అమ్మమ్మనైనా నానా అనే పిలుస్తారు.

ఆవిడ గొంతు సవరించుకుని ఏదో గట్టిగా అంది. వెంటనే వాకిలంతా ఒక్క గొంతుతో బదులు చెప్పింది. నేను ఉలిక్కిపడ్డాను. ఏమన్నారని మా వంటావిడను అడిగితే ఇంగ్లీషులో చెప్పింది. ఆ ముసలావిడ అన్నది, "కథలు నమ్మడానికి కావు." జనం అన్నది, "దాచుకోవడానికి!"

ఎంత బాగుందో చూడండి. మనం అనగనగా అంటాం, ఊఁ కొడతాం. వాళ్లు ముందే ఒప్పందం చేసుకుంటారు. ఇది నమ్మకండి. సరే, నమ్మం, దాచుకుంటాం. మనం కూడా ఒకసారి అందామా? నేను "కథలు నమ్మడానికి కావు" అంటాను, మీరు "దాచుకోవడానికి" అనాలి. కథలు నమ్మడానికి కావు! ... పిల్లలే అన్నారు. పెద్దవాళ్లు కూడా అనాలి. కథలు నమ్మడానికి కావు! ... ఆఁ, ఇప్పుడు బాగుంది.

కుమాసి వైపు, అంటే లోపలి అడవి ప్రాంతంలో, అశాంతీ వాళ్లుంటారు. వాళ్లూ అకాన్లే. వాళ్లు కథ మొదలుపెట్టేటప్పుడు ఇంకో మాట అంటారు. "మేం నిజంగా అనడం లేదు, నిజంగా అనడం లేదు" అని. రెండుసార్లు. ఈ మాట కూడా దాచుకోండి. నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఈ మాట చుట్టూనే ఉంది.

ముందు అసలు కథ చెబుతాను. అకాన్ల దగ్గర జానపద కథలన్నిటికీ కలిపి ఒకటే పేరుంది, అనాన్సెసెమ్. అంటే సాలీడు కథలు. అందులో సాలీడు లేకపోయినా సరే, తాబేలు కథైనా, రాజుగారి కథైనా, దాన్ని సాలీడు కథే అంటారు. ఎందుకు? ఎందుకంటే ఒకప్పుడు కథలన్నీ ఆకాశ దేవుడు న్యామె దగ్గర ఉండేవి. అనాన్సె వెళ్లి అవి కొనుక్కుంటానన్నాడు. న్యామె చూశాడు. ఇంతింత కాళ్లు, ఇంతంత పొట్ట. "కొకోఫు లాంటి పట్నం వచ్చింది, బెక్వాయ్ వచ్చింది. అంతంత పెద్ద ఊళ్లే కొనలేకపోయాయి. నువ్వెంత?" అన్నాడు. ఇవి ఊహించుకున్న ఊళ్లు కావండీ, ఇప్పటికీ అశాంతీ ప్రాంతంలో ఉన్నాయి. కథలో దేవుడు మాట్లాడుతూ పక్క ఊళ్ల పేర్లు చెబుతాడు.

"ధర చెప్పు స్వామీ" అన్నాడు అనాన్సె. న్యామె చెప్పాడు. కొండచిలువ కావాలి, చిరుతపులి కావాలి, కందిరీగలు కావాలి, అడవిలో ఉండే ఒక చిట్టి భూతం కావాలి. ఆ భూతాలను మోఆటియా అంటారు. వాటి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. మన దయ్యాలకు కూడా అంతేగా! అన్నీ ప్రాణాలతో తేవాలి. అనాన్సె ఏమన్నాడు? "తెస్తాను. అంతేకాదు, మా ముసలితల్లి ఎన్సియాను కూడా కలిపి ఇస్తాను" అన్నాడు.

అదేంటి, తల్లిని ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. బేరంలో కొసరుగా వేశాడు తల్లిని. ఆ రాత్రి ఈ మాట రాగానే వాకిట్లో ఆడవాళ్లందరూ ఒక్కసారి "ఆఁ" అన్నారు. అనాన్సె ఎలాంటివాడో కథ మొదట్లోనే తెలిసిపోవాలని పెట్టిన మాట అది.

ఇంటికొచ్చి పెళ్లాన్ని అడిగాడు. ఆవిడ పేరు అసో. ఈ కథలో తెలివంతా ఎవరిదనుకుంటున్నారు? అసోదే. "కొండచిలువను ఎలా పట్టను?" అంటే, "తాటిమట్ట ఒకటి, గట్టి తీగ ఒకటి కోసుకురా" అంది. ఇద్దరూ వాగు ఒడ్డుకు వెళ్లారు. "దీనికన్నా పొడుగే ఉంటాడు." "ఉండడు, నువ్వు అబద్ధమాడుతున్నావు." ఇలా పోట్లాడుకుంటూ వెళ్లారు. అక్కడే పడుకున్న కొండచిలువ విన్నాడు. "ఏంటయ్యా గొడవ?" "నువ్వు ఈ మట్ట కన్నా పొట్టి అంటోంది మా ఆవిడ. నేను కాదంటున్నాను." "దానిదేముంది, కొలుచుకోండి" అని మట్ట పక్కన సాగి పడుకున్నాడు. తల నుంచి తోక దాకా తీగతో చుట్టేశాడు అనాన్సె. చుట్టేటప్పుడు తీగ చేసే చప్పుడుంది చూశారూ, దాన్ని ఆ ముసలావిడ నోటితో చేసింది. న్వెనెనె, న్వెనెనె అని. పిల్లలందరూ అందుకున్నారు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

కందిరీగల సంగతి. సొరకాయ బుర్రలో నీళ్లు తీసుకెళ్లి సగం వాటి మీద చల్లాడు, సగం తన మీద పోసుకున్నాడు. అరటాకు ఒకటి నెత్తిన పెట్టుకుని, "అయ్యో, వాన వచ్చింది, రెక్కలు తడిసిపోతాయి, ఈ ఖాళీ బుర్రలోకి రండి" అన్నాడు. అన్నీ దూరాయి. మూత పెట్టేశాడు. చిరుతపులికి గొయ్యి తవ్వాడు, అది మామూలే. మోఆటియాకు మాత్రం గొప్ప ఉపాయం పన్నారు. అకువాబా అని అక్కడ చెక్కబొమ్మ చేస్తారు, ముఖం పళ్లెంలా చదునుగా ఉంటుంది. పిల్లలు పుట్టాలని ఆడవాళ్లు వీపున కట్టుకుంటారు. అలాంటి బొమ్మ చెక్కి, దాని ఒంటినిండా చెట్టు పాల జిగురు పూశాడు. దాని చేతిలో మెత్తగా మెదిపిన పెండలం ముద్ద పెట్టాడు. తలకు తాడు కట్టి, చెట్టు చాటున ఆ తాడు పట్టుకుని కూర్చున్నాడు. మోఆటియా వచ్చి, "అక్కా, కొంచెం తిననా?" అంది. తాడు లాగితే బొమ్మ తలూపింది. తిని, "థాంక్స్ అక్కా" అంది. బొమ్మ పలకలేదు. "థాంక్స్ చెబితే పలకవా?" అని చెంప మీద కొట్టింది. చెయ్యి అతుక్కుపోయింది. రెండో చెయ్యి. కాలు. ఇంకో కాలు. ఈ జిగురు బొమ్మను జాగ్రత్తగా చూసుకోండి. ఇది సముద్రం దాటింది.

తర్వాత తల్లిని కూడా తీసుకెళ్లి అప్పజెప్పాడు. న్యామె తన సామంతులందర్నీ పిలిచి సభ పెట్టి, "మహారాజులు కొనలేనివి ఇతను కొన్నాడు. ఇవాళ్టి నుంచి ఇవి దేవుడి కథలు కావు, సాలీడు కథలు" అని చాటించాడు.

మనకు కథలు ఎవరు చెప్పారు? శౌనకాది మునులకు సూతుడు చెప్పాడు, పార్వతికి శివుడు చెప్పాడు. మన కథలు పైనుంచి వరంలా వస్తాయి. అక్కడ ఒక సాలీడు వెల కట్టి కొన్నాడు, అందులో మోసం ఉంది, అమ్మను అమ్ముకోవడం కూడా ఉంది. కథ దేవుడి సొత్తుగా ఉన్నంతకాలం దాన్ని మనం మార్చలేం. సాలీడిదైతే ఎవరైనా మార్చుకోవచ్చు. నాకు అలా అనిపిస్తుంది.

ఆ రాత్రి ఇంకో వింత చూశాను. కథ మంచి పట్టులో ఉంది. చంకలో బిడ్డనెత్తుకున్న ఒకావిడ లేచి, "ఆగు నానా, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను" అంది. ముసలావిడ ఆగిపోయింది. ఈవిడ పాట ఎత్తుకుంది. మిగతావాళ్లు చప్పట్లు, వంత. ఒకాయన సత్తుగిన్నె మీద గరిటెతో దరువు. పాటైపోగానే ఆవిడ కూర్చుంది, కథ ఆగినచోటి నుంచి మొదలైంది. దీన్ని మొగువో అంటారు. కథ నీరసపడితే నిద్రపోతున్నవాళ్లను లేపడానికి, లేకపోతే కథ మరీ బాగుంటే ఆనందం పట్టలేక, ఎవరైనా లేవచ్చు. "నేనూ అక్కడే ఉన్నాను" అంటే చాలు. ఎవరూ నువ్వెలా ఉన్నావని అడగరు.

మన హరికథలో దాసుగారు మధ్యలో పిట్టకథ చెబుతారు. కానీ అక్కడ పిట్టకథ శ్రోతది. ఆ తేడా చూడండి.

సరే, అనాన్సె అంత తెలివైనవాడైతే ఆదర్శమా? కాదండీ. ఘనాలో ఏ తల్లీ కొడుకును అనాన్సెలా బతకమని చెప్పదు. ఒక కథలో లోకంలోని తెలివంతా ఏరి ఒక కుండలో పోశాడు. ఎవరికీ దక్కకూడదని చెట్టు పైన దాచబోయాడు. కుండను పొట్ట మీద కట్టుకుని ఎక్కుతున్నాడు. ఎక్కలేకపోతున్నాడు. కింద నుంచి కొడుకు చూస్తున్నాడు. కొడుకు పేరు ఎన్టికుమా. "నాన్నా, కుండను వీపున కట్టుకుంటే ఎక్కడం తేలిక కదా" అన్నాడు. తెలివంతా తన దగ్గరే ఉందనుకున్నాడే, మరి ఈ కుర్రాడికి ఇదెక్కడిది? ఒళ్లు మండి కుండను కిందకి విసిరేశాడు. పగిలింది. జనం పరుగెత్తుకొచ్చి తలా కొంచెం ఏరుకున్నారు. ఈ ఎన్టికుమా మీద ఒక సామెత ఉంది. "ఎన్టికుమాకు ఎవరూ సాలీడు కథలు చెప్పరు" అని. మనం హనుమంతుడి ముందు కుప్పిగంతులు అంటామే, అదే.

ఇంకో కథ. ఇంట్లోవాళ్లకు పంచాల్సి వస్తుందని, పంటంతా తానే తినాలని, చచ్చిపోయినట్టు నటించాడు. "నన్ను పొలంలోనే పాతిపెట్టండి" అన్నాడు. రాత్రిపూట గోతిలోంచి లేచి పంట తినేవాడు. దొంగెవడో తెలియక కొడుకు జిగురు మనిషిని చేసి పొలంలో నిలబెట్టాడు. అనాన్సె వెళ్లి, "ఎవడ్రా నువ్వు?" అని కొట్టాడు. తెల్లారేసరికి ఎలా ఉంటాడు? చేతులు, కాళ్లు, తల అన్నీ అతుక్కుని. ఊరంతా చూసింది. విడిపించాక సిగ్గుతో ఇంటి దూలం మూలకు పాకి, ముఖం దాచుకున్నాడు. అందుకే సాలీడు ఇప్పటికీ చూరు మూలల్లో ఉంటాడట. తన జిగురు బొమ్మకు తానే అతుక్కున్నాడు, గమనించారా?

తిండి దగ్గర కక్కుర్తి, పెళ్లాం పిల్లలకు ద్రోహం, అమ్మను బేరంలో వెయ్యడం, స్నేహితుణ్ణి ముంచడం. ఇలాంటివాడి పేరు కథలన్నిటికీ ఎందుకు పెట్టుకున్నారు? నాకు ఈ ప్రశ్న చాలా ఏళ్లు వదల్లేదు.

దీనికి కొంత జవాబు రాట్రే అనే ఆయన రాసిన దాంట్లో దొరికింది. బ్రిటిష్ ప్రభుత్వం అశాంతీ ప్రాంతంలో పెట్టిన ఉద్యోగి ఆయన. వాళ్ల భాష నేర్చుకుని, కథలు వాళ్ల నోట విని, ఒక పేజీలో వాళ్ల భాష, ఎదురు పేజీలో ఇంగ్లీషు వేసి 1930లో పుస్తకం తెచ్చాడు. ముందుమాటలో ఒక సంగతి చెప్పాడు. పాతరోజుల్లో ఎవరికైనా ఎవరి మీదైనా గుర్రు ఉంటే, పేరుపెట్టి తిట్టలేకపోతే, కథలో పెట్టి ఎగతాళి చేసేవాళ్లట. అవతలివాడు ఊరి పెద్ద కావచ్చు, అశాంతీ రాజే కావచ్చు. బానిస తన యజమానిని అలా బయటపెట్టవచ్చు. పేరు చెబితే ప్రమాదం కాబట్టి, ఆ మనిషి బదులు ఒక జంతువు పేరు వేస్తారు. ఒక్కోసారి ఆకాశ దేవుడి పేరే వేస్తారు. పగటిపూట ఎంతో భక్తిగా తలుచుకునే వాటి మీద రాత్రి కథల్లో నవ్వుకోవచ్చు. అందుకే అనాన్సె కథలు పగలు చెప్పరు.

ఇప్పుడు ఆ మొదటి మాట మళ్లీ వినండి. "మేం నిజంగా అనడం లేదు, నిజంగా అనడం లేదు." ఇంతకుముందు వేడుకగా వినిపించింది కదా? ఇప్పుడెలా వినిపిస్తోంది? ఎదురుగా ఊరి పెద్ద కూర్చున్నాడు. తిండిపోతు సాలీడు గురించి కథ నడుస్తోంది. అందరికీ తెలుసు ఎవరి గురించో. ఆయనకూ తెలుసు. కానీ కోప్పడలేడు. కోప్పడితే ఆ సాలీడు తానేనని ఒప్పుకున్నట్టు. ఆ ఒక్క మాట చెప్పేవాడికి గొడుగు. అనాన్సె అంత చెడ్డవాడుగా ఎందుకు ఉండాలో నాకు అప్పుడు అర్థమైంది. ఎవరి చెడునైనా అతని నెత్తిన వేసి, అందరి ముందూ పెట్టి నవ్వాలంటే, మంచివాడు పనికిరాడు.

ఇక సముద్రం సంగతి. కేప్ కోస్ట్‌లో నేనున్న గది నుంచి నడిచి వెళ్లేంత దూరంలో తెల్లటి కోట ఉంది. బ్రిటిష్ వాళ్లది. బానిసల వ్యాపారానికి వాడిన కోట. కొద్ది మైళ్ల దూరంలో ఎల్మినాలో ఇంకోటి, అది పోర్చుగీసులు కట్టింది, తర్వాత డచ్చివాళ్లు తీసుకున్నారు. పైన గవర్నరు గదులు, గాలి, వెలుతురు, సముద్రం. కింద నేలమాళిగలు. నేను లోపలికి వెళ్లాను. పైన గోడలో చిన్న కన్నం, అంతే వెలుతురు. నేల మధ్యలో మురుగు పోవడానికి కాలువ. ఒక్కో గదిలో వందలమందిని కుక్కేవారు, ఓడ వచ్చేదాకా వారాలు, నెలలు. చివర్న సముద్రం వైపు ఒక ద్వారం. నేను లెక్కల మాస్టారిని, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచే అలవాటు. అక్కడ లెక్క మర్చిపోయాను.

ఆఫ్రికా తీరాల నుంచి అట్లాంటిక్ దాటించడానికి ఓడలెక్కించిన మనుషులు సుమారు 1 కోటి 25 లక్షలు. ఆవలి ఒడ్డున ప్రాణాలతో దిగినవాళ్లు సుమారు 1 కోటి 7 లక్షలు. మిగతావాళ్లు దారిలోనే. చెరుకు తోటల్లో పని చేయించడానికి ఒక్క జమైకా దీవికే దాదాపు 10 లక్షలమందిని తీసుకెళ్లారు. వాళ్లలో ఘనా తీరం నుంచి పోయిన అకాన్లు చాలామంది. తెల్లవాళ్లు వాళ్లను కొరొమాంటీలు అనేవాళ్లు, కొరొమాంటిన్ కోట పేరు మీద. ఏం తీసుకెళ్లగలరు? ఒంటి మీద బట్ట కూడా లేదు. భాష మాట్లాడదామంటే పక్కన గొలుసులో ఉన్నవాడిది వేరే భాష. తలలో ఉన్నదే వాళ్లతో వెళ్లింది.

పేర్లు వెళ్లాయి. వారం పేర్లు చెప్పాను, గుర్తుందా? జమైకా కొండల్లోకి పారిపోయి, ఇంగ్లీషు సైన్యంతో ఏళ్ల తరబడి పోరాడి, 1739లో వాళ్లచేత సంధి రాయించుకున్న మరూన్ల, అంటే తప్పించుకున్న బానిసల, నాయకుడి పేరు కడ్జో. కడ్జో ఎవరు? కోజో. సోమవారం పేరు. ఆ పేరుతోనే చరిత్రలో నిలిచాడు. అలాగే బుధవారం పుట్టిన సాలీడు కూడా వెళ్లాడు. జమైకాలో అనాన్సి అయ్యాడు, బ్రెడ్డా అనాన్సి. బ్రెడ్డా అంటే అన్నయ్య. కొడుకు ఎన్టికుమా అక్కడ టకూమా. కురసావ్ దీవిలో కొంపా నాంజి, దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో అనాన్సి తోరి, అంటే అనాన్సి కథ. సురినామ్‌లో ఎవరైనా పోతే జాగారం రాత్రుల్లో ఈ కథలు చెప్పుకునేవారు. అమెరికాలో సౌత్ కరోలినా వైపు ఏకంగా ఆంట్ నాన్సీ అయిపోయాడు, నాన్సీ అత్తయ్య. జిగురు బొమ్మ కూడా అమెరికా చేరింది, అక్కడ కుందేలు అతుక్కుంటుంది.

జమైకాలో కథ ఏం మారింది? న్యామె పోయాడు. కథలు ఎవరివో తెలుసా? టైగర్‌వి. అక్కడ ఎక్కువమందికి తెలిసిన కథలో, అడవిలో అందరికన్నా బలవంతుడు టైగర్. అన్నిటికీ అతని పేరే. కథలకు కూడా అతని పేరే. అందరికన్నా బక్కవాడు అనాన్సి వెళ్లి, కథలకు నా పేరు పెట్టించండి అన్నాడు. అందరూ నవ్వారు. పామును ప్రాణాలతో తెస్తే చూద్దాం అన్నాడు టైగర్. మళ్లీ అదే కొలత, ఈసారి తాటిమట్ట బదులు వెదురుబొంగు. అసలు జమైకాలో పులులెక్కడివి బాబూ? లేవు. పశ్చిమ ఆఫ్రికాలో కూడా లేవు, అక్కడున్నది చిరుత. తీరంలో వ్యాపారం చేసే తెల్లవాళ్లు చిరుతను టైగర్ అనేవాళ్లు. అడవిలో లేని పులి, చెరుకు తోటలో మాత్రం ఎదురుగానే ఉంది. అతని చేతిలో కొరడా ఉంది.

అందుకే స్వారీ కథ అక్కడ అంతగా పాకింది. అనాన్సి ఒక అమ్మాయి ఇంటికెళ్లి, "టైగరా? మా నాన్న ఎక్కి తిరిగే గుర్రం కదా" అని చెప్పాడు. టైగర్‌కు తెలిసి మండిపడుతూ వచ్చాడు. "పద, ఆవిడ ముందే అబద్ధమని ఒప్పుకో." అనాన్సి మంచం మీద మూలుగుతున్నాడు. "జ్వరం అన్నా, నడవలేను." "నా వీపునెక్కు, మోసుకెళ్తాను." "పడిపోతానేమో, జీను వేస్తే..." వేయించుకున్నాడు. "పట్టుకోవడానికి కళ్లెం ఉంటే..." పెట్టించుకున్నాడు. "ఈగలు ముసురుతున్నాయి అన్నా, చిన్న కొరడా ఉంటే నీ మీద వాలకుండా తోలతాను." అమ్మాయి ఇల్లు కనపడగానే నిటారుగా కూర్చుని కొరడా ఝళిపించి దౌడు తీయించాడు. "చెప్పలేదూ?"

ఇదే కథ ఇక్కడ చెబితే మనం నవ్వుతాం. చెరుకు నరికి వచ్చిన మనుషులు, వీపు మీద కొరడా గాట్లున్న మనుషులు, రాత్రి గుడిసెల ముందు దీన్ని వినడం ఎలా ఉంటుందో ఊహించండి. జీను ఎవరి మీద, కొరడా ఎవరి చేతిలో! మాథ్యూ లూయిస్ అనే ఇంగ్లీషు రచయితకు జమైకాలో తోటలు, వందలమంది బానిసలు ఉండేవారు. 1816లో తోటలు చూసుకోవడానికి వెళ్లి, డైరీలో ఈ నాన్సీ కథలు కొన్ని రాసుకున్నాడు. యజమాని కూర్చుని విన్నాడు, రాసుకున్నాడు, ముచ్చటపడ్డాడు. ఏ కథలో ఎవరి మాట దాగుందో ఆయనకు ఎవరు చెబుతారు?

మరి ఆ గొడుగు? "మేం నిజంగా అనడం లేదు" అన్న మాట ఏమైంది? అది కూడా దాటింది, మారువేషంలో. జమైకాలో అనాన్సి కథ అయిపోగానే చెప్పినవాళ్లు ఒక మాట అనాలి. "జాక్ మాండోరా, మీ నో చూజ్ నన్." అంటే, జాక్ మాండోరా, ఇందులో నేను ఎంచుకున్నది ఏదీ లేదు. లూయీజ్ బెన్నెట్ అని ఒక మహాతల్లి, జమైకా జనం మిస్ లూ అని పిలుచుకుంటారు, 1919లో పుట్టింది, 2006లో పోయింది. పామరుల భాష అని చులకన చేసిన జమైకా మాటలోనే కవిత్వం రాసి, రేడియోలో, టీవీలో అనాన్సి కథలు చెప్పింది. ఆవిడ ఈ మాటకు అర్థం చెప్పింది. జాక్ మాండోరా స్వర్గం గుమ్మం దగ్గర కాపలావాడట. అనాన్సి చేసే దుర్మార్గాలు మాకు ఇష్టం లేదని పిల్లలు ఆయనకు చెప్పుకోవాలట. అశాంతీలు కథకు ముందు తప్పుకుంటే, వీళ్లు కథ తర్వాత తప్పుకున్నారు. మనం కథ కంచికి, మనం ఇంటికి అని లేచిపోతాం. వాళ్లు ఇంటికి వెళ్లాలంటే ముందు పైవాడి కాపలావాడికి సంజాయిషీ చెప్పాలి.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఈ అనాన్సి వల్ల మోసమే తెలివి అని పిల్లలు నేర్చుకుంటున్నారని జమైకాలోనే బాధపడేవాళ్లున్నారు. పక్కవాణ్ణి ముంచి బతికేవాణ్ణి అక్కడ జినల్ అంటారు, అనాన్సి పెద్ద జినల్. వాళ్ల బాధను నేను కొట్టెయ్యను. దీవిలో కూడా అనాన్సి టైగర్‌ను మాత్రమే ముంచడు. తన కన్నా బీదవాళ్లను, స్నేహితులను, పిల్లలను కూడా ముంచుతాడు. అతన్ని విప్లవవీరుణ్ణి చేసి బొమ్మ కట్టడం నాకు నచ్చదు. బానిసతనంలో బతకడానికి మనుషులు ఏమేం చెయ్యాల్సి వచ్చిందో, అందులో సిగ్గుపడేవి కూడా, ఆ కథలు దాచకుండా పెట్టుకున్నాయి. అతని మీద నాకున్న ప్రేమ అందుకే.

టైమైందని లైబ్రేరియన్ గారు చూస్తున్నారు. ఒక్క నిమిషం.

ఆ పల్లెలో ఆ రాత్రి చివర్న ముసలావిడ కథ ముగించి నావైపు చూసి ఏదో అంది. అందరూ నన్నే చూస్తున్నారు. మా వంటావిడ చెప్పింది. "నా కథ తియ్యగా ఉన్నా, లేకపోయినా, కొంచెం పట్టుకెళ్లు, కొంచెం నాకు తిరిగి తీసుకురా." కథ చివర్న అక్కడ అనే మాట అది. నన్ను చూసి అందంటే ఇప్పుడు నా వంతని అర్థం. నాకు చెమటలు పట్టాయి. మా అమ్మమ్మ చెప్పిన ఏడు చేపల కథ మొదలుపెట్టాను. "చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డొచ్చింది. గడ్డిమోపా గడ్డిమోపా ఎందుకు అడ్డొచ్చావు? ఆవు మెయ్యలేదు." వంటావిడ ఒక్కో వాక్యం ఫాంటీలోకి మారుస్తోంది. ఆవు దగ్గరికి వచ్చేసరికి, ఆ బిడ్డనెత్తుకున్నావిడ మళ్లీ లేచింది.

"ఆగండి మాస్టారూ, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను" అంది. ఆవు మీద పాట ఎత్తుకుంది.

ఇప్పుడు ఈ పిల్లల్లో ఎవరికైనా కథ వచ్చా? ఆ పచ్చగౌను పాప చెయ్యెత్తింది. రామ్మా, ఇలా రా. మైకు కొంచెం కిందకి దించండి. మిగతావాళ్లు గుర్తుంది కదా, ఏమనాలో? పాప అడుగుతుంది, మీరు చెప్పాలి. అనమ్మా, కథలు నమ్మడానికి...